సొందాంగ్ వల్ల వచ్చిన కొరత

ఆ సరస్సు ఒడ్డు ఊళ్ళలో చావుకి కూడా తరగతులున్నాయి. కొడుకులకీ కూతుళ్ళకీ అందరికీ పెళ్ళిళ్ళు చేసి, అందరి కడుపునా మనవల్ని చూసుకుని పోతే అది సావుర్ మతువా, నిండు చావు. అలా పోయినవాళ్ళకి గేదెను కోస్తారు, డప్పులు మోగిస్తారు, ఏడ్చేవాళ్ళు కూడా లేచి చేతులు జోడించి ఆడతారు. పిల్లల్లో ఒక్కరు పెళ్ళికాకుండా మిగిలినా చాలు, మిగతావాళ్ళు గంపెడు పిల్లల్ని కన్నా సరే, అది కొరత చావే. పందితో సరిపెడతారు. డప్పుల ఊసు ఎత్తరు.

పెద్ద మనవడు బిన్సార్ పేరు మీద ఊరంతా బిన్సార్ నాయనమ్మ అని పిలిచే ఆవిడ డెబ్భై తొమ్మిదో ఏట, ఆదివారం ఆరాధనకి మొదటి గంట కొట్టే వేళకి కన్ను మూసింది. ఇద్దరు కొడుకులు, తొమ్మండుగురు మనవలు. మధ్యలో ఒక్కతే కూతురు, సొందాంగ్. ఆమెకి నలభై ఏడేళ్ళు, పెళ్ళి కాలేదు.

శవం ఇంకా ముందుగదిలో ఉండగానే పెద్దలు వసారాలో చాపల మీద కూర్చుని ఇది కొరత చావేనని లెక్క తేల్చారు. తేల్చింది ఎవరో కాదు, పోయినావిడ సొంత తమ్ముడు. మేనమామను అక్కడ తులాంగ్ అంటారు. తులాంగ్ మాటకి దేవుడి మాట తర్వాతి స్థానం, కొన్ని ఇళ్ళలో ముందు స్థానమే.

పెద్దకొడుకు పొల్తాక్ మెదాన్ పట్నం నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాడు. "తులాంగ్, అమ్మ ఇరవై ఆరేళ్ళు సంఘపెద్దగా చేసింది. ఊరంతటికీ తల్లి. గేదెను మేమే తెస్తాం, మీరు ఊఁ అనండి చాలు" అని బతిమాలాడు.

"అది నా తోడబుట్టిందిరా. నాకు మాత్రం ఉండదా?" అన్నాడు తులాంగ్. "కానీ పొయ్యి దగ్గర ఇంకా పెళ్ళికాని పిల్ల కూర్చునుంది. ఉన్నదాన్ని లేదనమంటావా?"

పొయ్యి దగ్గరి పిల్ల ఆ మాటన్నప్పుడు నిజంగానే పొయ్యి దగ్గర ఉంది, నెరిసిన జుట్టు చెవుల వెనక్కి తోసుకుంటూ, ఆ పెద్దలకే కాఫీ కాస్తూ. ప్రతి మాటా వినబడింది. కాఫీ పొంగి పొయ్యిలో పడింది. ఇంకోసారి కాచి, తీసుకెళ్ళి, తులాంగ్‌కి రెండు చేతులతో అందించింది.

బిన్సార్ నాయనమ్మ భక్తి గురించి ఆ చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళలో తెలియనివాళ్ళు లేరు. గుడిలో రెండో బల్ల ఆవిడది. కొత్త పాస్టరు ఎవరైనా వాక్యం సంఖ్య తప్పు చదివితే, "పద్నాలుగు కాదండీ అయ్యగారూ, పదహారు" అని అక్కణ్ణుంచే దిద్దేది. కల్లు దుకాణం ముందునుంచి నడుస్తుంటే మగాళ్ళు గ్లాసులు చాటుకి పెట్టుకునేవారు. "దాచకండి నాయనా, నేను చూడకపోయినా చూసేవాడున్నాడు" అంటూ ఆగకుండా వెళ్ళిపోయేది. గాలివానకి పడవ బోల్తాపడి మొగుడు పోయిన ఏడాది ఆవిడకి నలభై ఒకటి. మట్టి చేసిన మూడో రోజున కీర్తన బృందంలో నిలబడి, గొంతు వణక్కుండా పాడింది. అంత గట్టి మనిషి.

తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి పైకి ప్రార్థన చేసుకునేది. దానికో వరస ఉండేది. ముందు వాన, తర్వాత పాస్టరుగారు, కొడుకులు, మనవలు పేరుపేరునా, ఊళ్ళో జ్వరాలవాళ్ళు, దేశాన్నేలేవాళ్ళు. అందరూ అయ్యాక చివరగా, "ప్రభువా, నా కూతురికొక తోడు చూపించు. దాన్ని ఒంటరిదాన్ని చెయ్యకు."

మధ్యలో ఉన్నది చెక్క గోడ. ఇవతల సొందాంగ్ పక్క. ఇరవై ఒక్క సంవత్సరాలు రోజూ ఆ మాట చెవిన పడుతూనే ఆమె లేచింది. పక్షవాతం వచ్చి తల్లి నాలుక మెలిపడ్డాక మనవల పేర్లు కలగాపులగమైపోయాయి, దేశాన్నేలేవాళ్ళు మాయమైపోయారు. ఆ చివరి మాట మాత్రం పోలేదు. బయటివాళ్ళకి అది మూలుగులా ఉండేది. సొందాంగ్‌కి అక్షరం అక్షరం తెలిసేది.

రోజూ పొద్దున్నే నిన్ను గురించి దేవుడి దగ్గర ఒక అర్జీ పెట్టి, రోజూ అది తిరిగొస్తుంటే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. సొందాంగ్ పెద్దగా చదువుకోలేదు, కానీ లెక్క సులువుగానే కట్టుకుంది. అమ్మ అడిగితే వాన వచ్చింది. అమ్మ అడిగితే బిన్సార్ విషజ్వరం నుంచి బతికాడు. ఈ ఒక్కటే దేవుడు వినలేదంటే లోపం అడిగేవాళ్ళలో ఉండదు, ఎవరి కోసం అడుగుతున్నారో వాళ్ళలోనే ఉండాలి. ఇప్పుడు ఆ లోపమే అమ్మ చావుకీ అంటుకుంది. అమ్మ డప్పులు లేకుండా వెళ్ళిపోయింది.

ఆమె పని మగ్గం. ఉలోస్ నేస్తుంది, పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ కలిపి భుజాల మీద కప్పే ఎర్రంచు బట్ట. ఆ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా జరిగిన పెళ్ళిళ్ళలో సగానికి పైగా ఆమె నేసిన బట్ట కిందే జరిగాయి. బిడ్డ పుడితే ఆ బిడ్డ పేరుతోనే తల్లిని పిలవడం అక్కడి పద్ధతి, ఫలానావాడి అమ్మ అని. మనవడు పుడితే ఫలానావాడి నాయనమ్మ, అమ్మమ్మ. సొంత పేరు క్రమంగా మరుగున పడిపోతుంది, అదే గౌరవం. ఆమె ఈడువాళ్ళందరి పేర్లూ మరుగున పడ్డాయి. సొందాంగ్ మాత్రం ఇప్పటికీ సొందాంగే. నిన్నమొన్నటి కోడలుపిల్లలు కూడా "సొందాంగ్ అక్కా" అంటుంటే పలుకుతుంది.

ఆశ అనేది ఒకటి ఎప్పుడో ఉండేది. ఇరవై అయిదో ఏట కొండమీది బడికి బలిగె ఊరి నుంచి సిహోల్ అనే పంతులు వచ్చాడు. వంశాల లెక్కన బావ వరస. గుడి కీర్తన బృందంలో వెనక నిలబడి బొంగురు గొంతుతో పాడేవాడు. పాట సాధన అయ్యాక ఏడెనిమిది మంది కలిసి ఇళ్ళకి నడిచేవారు, ఎలా నడిచినా వీళ్ళిద్దరూ పక్కపక్కన తేలేవారు. ఒకరోజు అతను, "నాకు బదిలీ అయితే ఏమంటావు?" అన్నాడు. "ఏమంటాను? దారి జాగ్రత్త అంటాను" అని నవ్వింది. నెల తిరక్కుండా అతను బదిలీ మీద వెళ్ళిపోయాడు. చెప్పనైనా చెప్పలేదు. ఆ వెటకారమే కొంప ముంచిందని సొందాంగ్ ఇరవై రెండేళ్ళుగా నొచ్చుకుంటూనే ఉంది.

తర్వాత అన్నదమ్ములిద్దరూ తలో దారీ అయ్యారు. తల్లి మంచాన పడింది. నాలుగేళ్ళు. చేప ముళ్ళు ఏరి, అన్నం గుజ్జు చేసి, వేలితో లోపలికి తోసి తినిపించింది. పుండు పడకుండా గంటగంటకీ పక్కకి తిప్పింది. తల్లి ఒక్కోసారి ఆమె మణికట్టు పట్టుకుని ఏదో చెప్పబోయేది. దవడ కదిలేది, మాట వచ్చేది కాదు. దాహమేమోనని సొందాంగ్ గ్లాసు అందించేది. తల్లి తల అటు తిప్పుకునేది.

పోయిన రెండు వారాలకి, ఆదివారం మధ్యాహ్నం, ఆదరణ కూడిక. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వకుండా వచ్చేవాళ్ళే వండి తెస్తారు. బంగారుతీగ చేపల్ని తలా తోకా తియ్యకుండా పసుపూ అల్లమూ కొండమిరియమూ దట్టించి, నీరింకేదాకా ఉడికించి తెస్తారు. తిన్నాక వరసగా ఒక్కొక్కళ్ళు లేచి నాలుగు ఆదరణ మాటలు చెబుతారు. అందరివీ అయ్యాక ఇంటివాళ్ళు లేచి జవాబు చెప్పాలి.

గిన్నెలు దించుకుంటుండగా సొందాంగ్ అన్నగారిని వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచింది.

"అన్నయ్యా, ఇవాళ నన్ను రెండు ముక్కలు మాట్లాడనియ్యి."

"నువ్వా? ఏం మాట్లాడతావ్?"

"అమ్మని క్షమాపణ అడగాలి. అందరి ముందూ. ఇంట్లో ఎన్నిసార్లడిగినా నిద్ర పట్టట్లేదు."

పొల్తాక్ చెడ్డవాడు కాదు. పద్ధతి దాటడమంటే భయం, అంతే. "జవాబు చెప్పేది కొడుకులు. తర్వాత కోడళ్ళు. పెళ్ళయిన కూతురైతే అల్లుడి పక్కన లేస్తుంది. నువ్వు ఏ వరసలో లేస్తావే?"

"చేపల గిన్నె పట్టుకుని లేవమనండి, ఏ వరసైనా దారిస్తుంది" అంది వదిన, మొగుడి వైపు ఓరగా చూస్తూ. "నాలుగేళ్ళు అత్తయ్యగారి కింద బట్టలు మార్చడానికి మాత్రం వరస అడ్డం రాలేదు."

"నువ్వూరుకో."

"ఊరుకునే ఉన్నాను. పదిహేడేళ్ళయింది ఊరుకుని."

సొందాంగ్‌కి నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపు కూడా. రెండూ మింగేసి గిన్నె లోపలికి తీసుకెళ్ళింది. అందరూ కూర్చున్నారు. తులాంగ్ పెద్దపీట వైపు, కొడుకులూ కోడళ్ళూ ఎదురుగా, సంఘం ఆడవాళ్ళు గోడవారగా. సొందాంగ్ వంటింటి గుమ్మంలో, సగం ఇటూ సగం అటూ. బల్ల మీద తల్లి ఫోటో పెట్టారు, సంఘపెద్దల నల్లకోటులో.

పాట, వాక్యం, ప్రార్థన అయ్యాయి. కల్లు దుకాణంలో కూర్చునే ముసలాయన ఒకడు లేచాడు. "ఆవిడ చెప్పిందని నేను తాగుడు మానలేదు. అబద్ధం చెప్పను. ఆదివారం మాత్రం మానాను, ఆవిడ భయానికి. ఇవాళ ఆదివారం. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు కదా అని పొద్దున్నే కూర్చున్నాను. గొంతు దిగలేదమ్మా" అని కూర్చుండిపోయాడు. నవ్వినవాళ్ళే కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత తోగార్ అమ్మమ్మ లేచింది. ఆవిడా సంఘపెద్దే. పోయినావిడకి యాభై ఏళ్ళ స్నేహితురాలు, అక్కా అక్కా అంటూ కొంగు పట్టుకు తిరిగిన మనిషి. సొందాంగ్‌ని చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పింది. ఆవిడ నోట చెడ్డమాట రాదు, మనసులో మాట ఆగదు.

"నేనొక సాక్ష్యం చెప్తాను" అంది. "అక్క బతికుండగా చెప్పొద్దంది. ఇప్పుడు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది కాబట్టి దాచిపెడితే నాకే పాపం. ప్రార్థనకి జవాబొస్తుందా అని అడుగుతారే, వాళ్ళు వినండి. ఇరవై రెండేళ్ళ కిందట కొండమీద బళ్ళో సిహోల్ పంతులని ఉండేవాడు, గుర్తున్నాడా?"

గుమ్మంలో ఉన్న సొందాంగ్ తలెత్తింది.

"ఒక రోజు వాళ్ళ పెదనాన్నని వెంటబెట్టుకుని ఈ ఇంటికొచ్చాడు, పిల్లనడగడానికి. సొందాంగ్ ఆ పూట బట్టలు అమ్మడానికి సంతకెళ్ళింది. కుర్రాడికి వంక పెట్టడానికేం లేదు. అక్క, దేవుణ్ణడిగి చెప్తాను, వారం ఆగమంది. ఆ వారం అక్కా నేనూ ఉపవాసముండి, గుడి వెనక బల్ల దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాం. అక్క ఏమడిగిందో తెలుసా? 'ప్రభువా, మొగుణ్ణి తీసుకున్నావు. కొడుకులు ఉండరు. ఈ ఒక్కదాన్ని నాకుంచు. నేను ఒంటరిగా చావలేను' అని ఏడ్చింది. అక్క ఏడవగా చూసింది నేనొక్కదాన్నే, అదొక్కసారే. ఏడో రోజు ఏం వాన! కొండ దారి తెగిపోయింది. జవాబు కోసం వస్తానన్న పంతులు రాలేకపోయాడు. అదే గుర్తు అంది అక్క. దేవుడి చిత్తం లేదు, ఇక రావొద్దని మర్నాడు కబురు పంపింది. ఆ కబురు మోసుకెళ్ళింది నేనే."

ఊపిరి తీసుకుని, మెరిసే కళ్ళతో అందరి వైపూ చూసింది. "ఇప్పుడు చెప్పండి, దేవుడు విన్నాడా లేదా? నాలుగేళ్ళు మంచాన పడితే చూసిందెవరు? బంగారంలాంటి కూతురు. చివరి ఊపిరి ఎవరి చేతిలో పోయింది? అడిగినదానికన్నా ఎక్కువే ఇచ్చాడు. స్తోత్రం!"

అలవాటు కొద్దీ వెనక వరసలో ఎవరో ఆమేన్ మొదలుపెట్టారు. అది సగంలో ఆగిపోయింది. వదిన చేతిలోని పళ్ళెం నేల మీద పెట్టేసింది. తోగార్ అమ్మమ్మ మాత్రం తడికళ్ళతో సొందాంగ్ వైపే చూసి నవ్వుతోంది, ఎంత గొప్పగా పొగిడానో చూశావా అన్నట్టు.

సొందాంగ్ గుమ్మం చెక్కను పట్టుకుంది. అతను అడిగాడు. చెప్పకుండా పోలేదు, అడిగాడు. ఇంటికొచ్చి, పెద్దవాళ్ళని తీసుకొచ్చి, పద్ధతిగా అడిగాడు. ఆ సాయంత్రం తను సంత నుంచి వచ్చేసరికి అమ్మ పొయ్యి ముందు కూర్చునుంది, ఏమీ జరగనట్టే. తర్వాత ఇంకొకటి తట్టింది. తోడు చూపించమనే మాట అమ్మ ప్రార్థనలో ముందు నుంచీ లేదు. పంతులు వెళ్ళిపోయిన మరుసటి ఏడే చేరింది. అమ్మ అడిగి పుచ్చుకున్నదాన్ని వెనక్కి తీసుకోమని ఇరవై ఒక్క ఏళ్ళు బతిమాలుకుంది. మంచంలో మణికట్టు పట్టుకుని చెప్పబోయింది కూడా ఇదే అయ్యుంటుంది. తను నీళ్ళు పట్టింది. ఆమెకి అమ్మ మీద మండిపోయింది, అమ్మ మీద జాలేసింది. ఏది ముందో తెలియలేదు.

వరస ప్రకారం ఇంటివాళ్ళు జవాబు చెప్పాల్సిన వేళయింది. పొల్తాక్ లేవబోయాడు. తులాంగ్ చెయ్యెత్తి ఆపాడు.

"సొందాంగ్, లే. నువ్వు మాట్లాడు."

"తులాంగ్, వరస ప్రకారం ముందు కొడుకులు..." అన్నాడు పొల్తాక్.

"వరస నాకు నేర్పకు" అన్నాడాయన. "ఆ రోజు పొయ్యి దగ్గర పిల్ల కూర్చునుందన్నాను. ఎవరు కూర్చోబెట్టారని అడగలేదు. గుడ్డిగా మాట్లాడాను. మాట్లాడమ్మా."

సొందాంగ్ లోపలికి వచ్చి నిలబడింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఫోటో వైపు తిరిగింది.

"అమ్మా. పద్నాలుగు రోజుల్నుంచి ఒక మాట కంఠతా పట్టాను. నావల్ల నీ చావుకి కొరత వచ్చింది, నన్ను క్షమించమ్మా అని. ఇప్పుడది నోటికి రావట్లేదు."

"అయ్యో తల్లీ, నేనేమన్నా తప్పు చెప్పానా?" అంది తోగార్ అమ్మమ్మ కంగారుగా.

"లేదు పిన్నీ. జరిగిందే చెప్పావు. నువ్వు కూర్చో." ఆమె మళ్ళీ ఫోటో వైపు తిరిగింది. "పంతులు పోతే పోయాడు. ఎక్కడో ఉండే ఉంటాడు, పిల్లాపాపల్తో. దానికి నేనేడవటం లేదు. వారం రోజులు తిండి మానేసి దేవుణ్ణడిగావు. పిన్నికి చెప్పుకున్నావు. వానని కూడా అడిగావు. నన్నొక్కదాన్నే అడగలేదు."

ఆమె ముక్కు తుడుచుకుని, ఇంటి మనిషితో ఇంట్లో మాట్లాడుతున్నట్టే నెమ్మదిగా అంది.

"అడిగుంటే ఉండిపోయేదాన్నమ్మా. అతన్ని నేనే పంపించేసి, రెండ్రోజులు ఏడ్చి, ఉండిపోయేదాన్ని. నువ్వు దేవుడి దగ్గర తీసుకున్నావు. ఒక్కమాట అడిగుంటే, నేనిచ్చేదాన్ని."